ఐదున్నర శ్రుతిలో ఇంటి రికార్డింగ్: రీపర్‌తో నా అనుభవం

నల్లకుంటలో రెండో అంతస్తు ఫ్లాటు, పది అడుగులకు పదకొండు అడుగుల పడకగది. ఒక పాత ల్యాప్‌టాప్, ఒక మైకు, రీపర్ అనే 60 డాలర్ల రికార్డింగ్ సాఫ్ట్‌వేరు. వీటితో గాత్రం, వయొలిన్, మృదంగం ఒక్కొక్కటిగా ఎక్కించి ఆరు కీర్తనలు రికార్డు చేశాం. గాత్రం ఐదున్నర శ్రుతి, అంటే షడ్జమం జీ షార్ప్ మీద. ఏ పని ఏ వరసలో చేశామో, ఎక్కడ బెడిసికొట్టిందో, ఎందుకు బెడిసికొట్టిందో రాస్తున్నాను. ఈ సాఫ్ట్‌వేర్లన్నీ పాశ్చాత్య సంగీతం కోసం పుట్టినవి. పన్నెండు సమాన మెట్లు, నాలుగేసి దెబ్బల గడులు వాటిలో ముందే గీసి ఉంటాయి. మన శ్రుతికీ తాళానికీ గమకానికీ తగ్గట్టు ఆ గీతల్ని మార్చుకోవడమే అసలు పని. దానికి డబ్బు అక్కర్లేదు, కాస్త ఓపిక కావాలి.

సాఫ్ట్‌వేరు ఎంచుకోవడం పెద్ద కష్టం కాలేదు. ఒక్క గొంతు రికార్డు చేసి, అనవసరమైన ముక్కలు కోసి, ఫైలుగా తీసుకోవడానికి ఆడాసిటీ చాలు. 2000 నుంచి ఉచితంగా దొరుకుతోంది. ఒకదాని మీద ఒకటి ఎక్కించి కలిపేటప్పుడు మాత్రం రీపర్ మేలు. 60 రోజులు అన్ని సౌకర్యాలతో వాడి చూడొచ్చు. ఆ తర్వాత వ్యక్తిగత లైసెన్సు 60 డాలర్లు, వ్యాపారానికి 225 డాలర్లు. రెండింటిలో ఉండే సాఫ్ట్‌వేరు ఒక్కటే. తక్కువ ధరకు తీసుకున్నామని ఏ సౌకర్యమూ తీసేయరు. ఇన్‌స్టాల్ ఫైలు చిన్నది, పాత యంత్రం మీద కూడా బరువుగా ఉండదు. మ్యాక్ ఉన్నవాళ్లు గ్యారేజ్‌బ్యాండ్‌తో మొదలుపెట్టొచ్చు, అది ఉచితం. నాకు రీపర్ నచ్చడానికి కారణం తాళం లెక్కల్ని మనకు కావలసినట్టు పెట్టుకోనివ్వడం. ఆ సంగతి కింద వస్తుంది.

ల్యాప్‌టాప్ సెకండ్ హ్యాండ్‌దే. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కు వెళ్తే వరసగా అవే దుకాణాలు. ఐ5 ప్రాసెసర్, 8 జీబీ ర్యామ్, ఎస్ఎస్‌డీ ఉంటే ఇరవై ట్రాకుల (ఒకదాని మీద ఒకటి ఎక్కించే పొరల) దాకా నడుస్తుంది. కొనేముందు రెండు పరీక్షలు చేయాలి. యూఎస్‌బీ పోర్టులు వదులుగా లేవని చూడాలి. తర్వాత చెవి దగ్గర పెట్టుకుని లోపలి ఫ్యాను ఎంత మోత మోగుతోందో వినాలి. బ్యాటరీ కనీసం గంటన్నర రావాలి. ఎందుకో కరెంటు సంగతి దగ్గర చెబుతాను.

మైకు దగ్గర చాలామంది మోసపోతున్నారు. కండెన్సర్ మైకు, స్టాండు, ఫోము, వైరు అన్నీ ఒకే డబ్బాలో చవగ్గా అమ్ముతారు. అందులో ఇచ్చే వైరు ఒక చివర మైకుకు పెట్టే మూడు పిన్నుల ఎక్స్‌ఎల్‌ఆర్, రెండో చివర ల్యాప్‌టాప్ మైకు రంధ్రంలో పెట్టే 3.5 మిల్లీమీటర్ల పిన్ను. ఆ రంధ్రం నుంచి వచ్చేది రెండు మూడు వోల్టులు. కండెన్సర్‌కు కావలసింది 48 వోల్టుల ఫాంటమ్ పవర్, అంటే మైకు వైరులోంచే అందే కరెంటు. ఫలితంగా గొంతు సన్నగా, వెనక బుస్సుమనే శబ్దం పెద్దగా వస్తాయి. మైకు చెడిపోయిందనుకుని ఇంకొకటి కొనేవాళ్లున్నారు. నిజానికి కొనాల్సింది మైకును కంప్యూటర్‌కు కలిపే, 48 వోల్టుల బటన్ ఉన్న చిన్న ఆడియో ఇంటర్‌ఫేస్. రోడ్డు పక్క ఇళ్లకు డైనమిక్ మైకు ఇంకా మంచిది. దానికి ఫాంటమ్ పవర్ అక్కర్లేదు, దూరపు శబ్దాల్ని తక్కువగా పట్టుకుంటుంది. మేము మొదట కండెన్సర్‌తో మొదలుపెట్టి, గాత్రానికి డైనమిక్‌కు మారాం. వయొలిన్‌కు మాత్రం కండెన్సరే ఉంచాం.

యూఎస్‌బీ మైకు కొన్నవాళ్లకు ఒక్క మాట. హెడ్‌ఫోన్ ఆ మైకుకున్న రంధ్రంలోనే పెట్టండి, ల్యాప్‌టాప్‌లో కాదు. మైకు లోపల ఒక గడియారం, ల్యాప్‌టాప్ సౌండ్ కార్డులో ఇంకో గడియారం నడుస్తుంటాయి. పది లక్షల్లో యాభై పాళ్ల తేడా ఉన్నా నిమిషానికి 3 మిల్లీసెకన్లు జరుగుతుంది. పది నిమిషాల కీర్తన చివరికి వచ్చేసరికి 30 మిల్లీసెకన్లు. మొదట సరిగ్గా ఉన్న తాళం చివర్లో ఎందుకు తప్పిందో అర్థం కాక గాయకుల్ని తప్పుపడతాం. ఫోనులో వీడియో, ల్యాప్‌టాప్‌లో ఆడియో విడిగా తీసి కలిపినప్పుడు పెదాలకూ మాటకూ పొంతన తప్పేదీ ఇందుకే.

ఇక ఆలస్యం, అందరూ లేటెన్సీ అనేది. పాడిన గొంతు మైకులోంచి కంప్యూటర్లోకి వెళ్లి హెడ్‌ఫోన్‌కు తిరిగి రావడానికి పట్టే సమయం ఇది. 48,000 హెర్ట్జ్ దగ్గర బఫర్ (కంప్యూటర్ ఒక్కో విడతలో తీసుకునే శాంపిళ్ల సంఖ్య) 1024 పెడితే ఒక వైపే 21 మిల్లీసెకన్లు, 256 పెడితే 5.3, 128 పెడితే 2.7. రానూపోనూ రెట్టింపు, పైన పరికరం తన వంతు కొంత కలుపుతుంది. తన గొంతు తనకు 15 మిల్లీసెకన్లు దాటి వినిపిస్తే గాయని తెలియకుండానే కాలం (పాట వేగం) తగ్గిస్తుంది. విండోస్ మామూలు డ్రైవరుతో ఇది కుదరదు. ఇంటర్‌ఫేస్ కంపెనీ ఇచ్చిన, ఆలస్యం తగ్గించే ఏఎస్ఐఓ డ్రైవరు వేయాలి. అది లేకపోతే ఉచితంగా దొరికే ఏఎస్ఐఓ4ఆల్. రీపర్‌లో కంట్రోల్, పీ నొక్కి ఆడియో, డివైస్ దగ్గర దాన్ని ఎంచుకోవాలి. పాడేటప్పుడు 128 లేదా 256, తర్వాత మిక్సింగ్ చేసేటప్పుడు 1024. ఇంటర్‌ఫేస్ మీద, గొంతును కంప్యూటర్‌కు వెళ్లి రాకుండానే హెడ్‌ఫోన్‌కు పంపే డైరెక్ట్ మానిటర్ బటన్ ఉంటే అది నొక్కి, రీపర్‌లో ఆ ట్రాకు మానిటరింగ్ ఆపేస్తే ఈ గొడవే ఉండదు. రెండూ ఆన్‌లో ఉంచితే గొంతు జంటగా వినిపిస్తుంది.

మధ్యమధ్య చిటపట శబ్దాలు వస్తే బఫర్ పెంచే ముందు వైఫై ఆపి చూడండి, పవర్ ప్లాన్ హై పెర్ఫార్మెన్స్‌లో పెట్టండి. మా దగ్గర ఈ రెండింటితోనే పోయాయి. విండోస్ సౌండ్ సెట్టింగుల్లో మైకుకు ఎన్‌హాన్స్‌మెంట్స్ ఉంటే అన్నీ తీసేయాలి. అందులో నాయిస్ సప్రెషన్ అనేది కదలకుండా నిలిచే శబ్దాన్ని రొద అనుకుని కోసేస్తుంది. అంటే తంబూరాను, దీర్ఘంగా నిలిపిన తారస్థాయి షడ్జమాన్ని. ఆన్‌లైన్ సంగీతం క్లాసుల్లో గురువుగారికి కార్వైలు (దీర్ఘంగా నిలిపే స్వరాలు) తెగిపోయి వినిపించేది ఇందువల్లే. జూమ్‌లో అయితే ఒరిజినల్ సౌండ్ ఫర్ మ్యూజిషియన్స్ ఆన్ చేసుకోవాలి.

గది విషయంలో ఫోము పలకల మీద డబ్బు పెట్టనక్కర్లేదు. మన ఫ్లాట్లలో నేలంతా టైల్స్, గోడలు నున్నగా ఉంటాయి. చప్పట్లు కొడితే టంగుమని మోగుతుంది. మైకు గాయని వైపు చూస్తుంది కాబట్టి ఆమె వెనక గోడ నుంచి వచ్చే ప్రతిధ్వనే ఎక్కువగా పడుతుంది. అందుకని బొంతలు ఆమె వీపు వెనక, భుజాల పక్కన వేలాడదీయాలి. మైకు వెనక కాదు. మేము బట్టల అల్మారా తలుపులు బార్లా తెరిచి దానికి వీపు పెట్టి కూర్చోబెట్టాం. రెండు పక్కలా తాడు కట్టి పాత బొంతలు. కింద పరుపు. అంతే, టంగుమనడం పోయింది. గది సరిగ్గా మధ్యలోనూ, మూలలోనూ కూర్చోకూడదు.

వేళ కుదరడం కష్టం. తెల్లవారుజామున అజాన్, సుప్రభాతం, పక్షులు. తర్వాత స్కూలు బస్సులు, తోపుడు బండ్ల మైకులు. మాకు కుదిరింది రాత్రి 11 నుంచి ఒంటిగంట వరకు. మే నెలలో ఆ వేళకూ గోడలు వేడి కక్కుతుంటాయి, ఫ్యాను వేయలేం. ఇరవై నిమిషాలు పాడటం, పది నిమిషాలు ఫ్యాను, ఇలా నడిపాం. మోత పడకుండా ఫ్రిజ్ స్విచ్ ఆపితే మళ్లీ వేయడం మర్చిపోతారు. కారు తాళాలు ఫ్రిజ్‌లో పెట్టుకోమని ఒకరు చెప్పారు, అది బాగా పనిచేసింది.

గుయ్యిమనే సన్నటి మోత వస్తే అది 50 హెర్ట్జ్ కరెంటుది, దాని రెట్లు 100, 150 దగ్గర కూడా ఉంటాయి. ముందు ల్యాప్‌టాప్ ఛార్జరు పీకి చూడాలి. నూటికి తొంభైపాళ్లు మా ఇంట్లో కారణం అదే. పాత ఇళ్లలో ఎర్తింగ్ ఉండదు, రెండు పిన్నుల ఛార్జర్లు ఇంకా కష్టం. స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ మీద నడిచేటప్పుడు రొద మరీ ఎక్కువ. బ్యాటరీ మీద రికార్డు చేస్తే ఇవేవీ ఉండవు, కరెంటు పోయినా టేక్ ఆగదు. యూఎస్‌బీ నుంచే కరెంటు తీసుకునే ఇంటర్‌ఫేస్ కొనడం అందుకే మంచిది.

రీపర్ తెరిచాక మొదట చేయాల్సినది తంబూరా ట్రాకు. ఇరవై నిమిషాల తంబూరా రికార్డు చేయనక్కర్లేదు. పా, సా, సా, మంద్ర స, ఈ నాలుగు తీగెల మీటు ఐదారు ఆవృత్తులు (చుట్లు) తీసుకుని, అందులో సమంగా వచ్చిన రెండు ఆవృత్తుల్ని పంచమం మీటడానికి కాస్త ముందు కోసి, తిరిగి తిరిగి మోగేలా లూపు చేశాం. అతుకు దగ్గర 200 మిల్లీసెకన్ల క్రాస్‌ఫేడ్ (ఒకటి తగ్గుతుండగా ఇంకోటి పెరగడం) ఇస్తే తెలియదు. 10 మిల్లీసెకన్లే ఇస్తే ప్రతి ఆవృత్తికీ చిన్న కుదుపు వినిపిస్తుంది, ఎందుకంటే తంబూరా జీవ, అంటే తీగె ఝుమ్మని మోగే నాదం, మెల్లగా విచ్చుకునేది. తర్వాత ఐటమ్ మీద ఎఫ్2 నొక్కి పిచ్ సర్దుకోవచ్చు. 0.1 అంటే 10 సెంట్లు, కీబోర్డు మీద ఒక మెట్టుకు వంద సెంట్లు. ఈ సర్దుబాటు మొదటి రోజే అయిపోవాలి. మృదంగం, వయొలిన్ దీనికే శ్రుతి చేసుకుంటాయి కనుక మధ్యలో ముట్టుకుంటే అన్నీ పోతాయి.

తాళానికి వస్తే, ఆది తాళానికి ప్రాజెక్ట్ సెట్టింగ్స్‌లో 8/4 పెట్టాం. గడి గీత సరిగ్గా సమం (ఆవృత్తి మొదటి దెబ్బ) మీద పడుతుంది, ఆవృత్తులు లెక్కపెట్టడం సులువు. మిశ్రచాపుకు 7/8, ఖండచాపుకు 5/8. ఇక్కడ ఒక పెద్ద గుంట ఉంది. ప్రాజెక్ట్ సెట్టింగ్స్‌లో టైమ్‌బేస్ (రికార్డు చేసిన ముక్కలు తాళం దెబ్బల్ని బట్టి నిలవాలా, గడియారాన్ని బట్టి నిలవాలా అనేది) మామూలుగా బీట్స్‌లో ఉంటుంది. రికార్డింగ్ అంతా అయ్యాక వేగం 66 నుంచి 68కి మారిస్తే రీపర్ గాత్రాన్ని కూడా సాగదీసి కొత్త వేగానికి సర్దేస్తుంది. కళ్లకు అన్నీ గీతల మీదే కనిపిస్తాయి, చెవికి మాత్రం గమకాలు ప్లాస్టిక్ పూలలా ఉంటాయి. మొదట్లోనే టైమ్‌బేస్ టైమ్‌కు మార్చుకోవాలి. కదిపిన ముక్కను దగ్గరి గీతకు లాగే స్నాప్ కూడా ఆపేయాలి. అనాగతంలో (సమం దాటాక) ఎత్తుకున్న పల్లవిని అది సమానికి లాగేస్తుంది.

టిక్కుటిక్కుమనే మెట్రోనోమ్ పెట్టి ముందు మృదంగం, తర్వాత గాత్రం ఎక్కించడం సినిమా పాటల పద్ధతి. కీర్తనకు అది నప్పలేదు. మృదంగం సాహిత్యాన్ని బట్టి నడుస్తుంది, సంగతి (ఒకే పాదాన్ని మార్చి మార్చి పాడే తీరు) పెరిగే కొద్దీ నిండుతుంది. ఏమీ వినకుండా వాయిస్తే ఉత్త లెక్క మిగులుతుంది. మా వరస ఇది: తంబూరా. దాని మీద చేత్తో తాళం వేస్తూ గాయని కీర్తన అంతా ఒకసారి చిత్తుగా పాడటం. మెట్రోనోమ్ మొదటి రెండు ఆవృత్తులకే, కాలం పట్టుకోవడానికి. ఆ చిత్తు గాత్రం వింటూ మృదంగం. మృదంగం వింటూ అసలు గాత్రం. చివర్లో గాత్రాన్ని అనుసరిస్తూ వయొలిన్. చిత్తు గాత్రం చివరికి మ్యూట్. చివర్లో కాలం కాస్త పెరిగిందా, పెరగనీ. కచేరీలోనూ పెరుగుతుంది.

ఇలా ఎక్కించేటప్పుడు ప్రతి ట్రాకూ కొద్దిగా వెనకపడే ప్రమాదం ఉంది. ఒక్కసారి పరీక్షించుకుంటే చాలు: హెడ్‌ఫోన్‌ను మైకుకు ఆనించి, క్లిక్ శబ్దం వాయిస్తూ దాన్నే ఇంకో ట్రాకులో రికార్డు చేయాలి. జూమ్ చేసి రెండు శిఖరాల మధ్య దూరం చూసి, ప్రిఫరెన్సెస్‌లో రికార్డింగ్ దగ్గర మాన్యువల్ ఆఫ్‌సెట్‌లో వేయాలి. మళ్లీ పరీక్షిస్తే తేడా సున్నా రావాలి. రెట్టింపైతే ప్లస్, మైనస్ గుర్తు తిరగేయాలి.

పాడేటప్పుడు మైకు నోటికి జానెడు దూరం, కాస్త పక్కకు. ఎదురుగా ఉంటే ప, భ అక్షరాలకు గాలి కొడుతుంది. 24 బిట్‌లో రికార్డు చేస్తున్నాం కాబట్టి శబ్దం పెద్దగా తీసుకోవాలన్న ఆత్రం వద్దు. తారస్థాయి పంచమం దగ్గర మీటరు మైనస్ 10 డెసిబెల్స్ దాటకుండా ఉంటే సరిపోతుంది. అనుపల్లవికి సరిచూసి చరణం చివర చిట్టస్వరాల్లో ఎర్రదీపం వెలిగితే ఆ టేక్ పోయినట్టే. పరీక్ష ఎప్పుడూ పాటలోని అతి పై స్వరంతోనే చేయాలి. 48,000 హెర్ట్జ్, 24 బిట్, ఒక ఛానెల్ అంటే నిమిషానికి సుమారు 8.6 ఎంబీ, గంటకు 520 ఎంబీ. చోటు గురించి భయపడి ఎంపీ3లో రికార్డు చేయొద్దు.

రెండు మూడు టేకుల్లోంచి మంచివి ఏరి అతికేటప్పుడు ఎక్కడ కోయాలన్నదే విద్య. అచ్చు మధ్యలో కోయకూడదు. రెండు టేకుల్లో గమకం ఒకే చోట ఊగదు, క్రాస్‌ఫేడ్ ఎంత ఇచ్చినా రెండు గొంతులు ఒక్క క్షణం కలిసి వినిపిస్తాయి. తెలుగు సాహిత్యంలో ఒత్తక్షరాలు మనకు వరం. క్క, త్త, ప్ప పలికేముందు నోరు మూసుకునే క్షణంలో నిజమైన నిశ్శబ్దం ఉంటుంది. కత్తెర అక్కడ వేయాలి. 5 నుంచి 10 మిల్లీసెకన్ల క్రాస్‌ఫేడ్ చాలు. ఊపిరి తీసుకునే చోట కోస్తే, ఊపిరి రెండు సార్లు వినిపించకుండా చూసుకోవాలి. ఊపిరిని పూర్తిగా తీసేస్తే పాడుతున్నది మనిషిలా ఉండదు.

రీపర్‌లో శ్రుతి సరిచేసే రియాట్యూన్ ఉంది. దాని ఆటోమేటిక్ సవరణ ఆన్ చేస్తే తోడి రాగంలోని గాంధారం మెట్లు మెట్లుగా విరిగిపోతుంది. ఆ స్వరం రిషభానికీ మధ్యమానికీ మధ్య ఊగడమే దాని రూపం. సాఫ్ట్‌వేరు దాన్ని తప్పు అనుకుంటుంది. శ్రుతి చూసుకోవడానికే తెరవండి, సవరించడానికి కాదు.

కీబోర్డు వాడేవాళ్లకు ఇంకో చిక్కు. స్వచ్ఛమైన అంతర గాంధారం షడ్జమానికి 5/4 రెట్లు, అంటే 386 సెంట్లు పైన. కీబోర్డు మీద 400. ఒకటి శ్రుతి తంబూరా మీద ఆ గాంధారాన్ని పట్టి నిలిపితే సెకనుకు ఐదుసార్లు అల్లాడుతుంది. రోజూ దానితో సాధన చేసే పిల్లలకు మాయామాళవగౌళ రాగంలోని గాంధారం ఎక్కువ పలకడం అలవాటవుతుంది, ఇది నన్ను నిజంగా బాధపెట్టే విషయం. మందు ఉచితమే. సర్జ్ ఎక్స్‌టీ అనే సింథసైజర్, స్వరస్థానాల నిష్పత్తులు రాసి ఉండే స్కేలా ఫైళ్లను చదువుతుంది. నోట్‌ప్యాడ్‌లో మొదటి వరుస పేరు, రెండో వరుస 12, ఆ తర్వాత వరుసకొకటి చొప్పున 16/15, 9/8, 6/5, 5/4, 4/3, 45/32, 3/2, 8/5, 5/3, 16/9, 15/8, 2/1 రాసి ఎస్‌సీఎల్ ఫైలుగా దాచుకుంటే చాలు. షడ్జమం సీ మీద ఉంటుంది, మన శ్రుతికి ట్రాన్స్‌పోజ్ చేసుకోవాలి.

మిక్సింగ్‌లో చేసినది కొంచెమే. ఐదున్నరలో షడ్జమం 207.65 హెర్ట్జ్, మంద్ర పంచమం 156 దగ్గర. కాబట్టి పై, కింది ధ్వనుల్ని విడివిడిగా సర్దే రియాఈక్యూలో 110 హెర్ట్జ్ కింద కోసేసినా గాత్రానికి నష్టం లేదు, రోడ్డు గుమగుమ పోతుంది. ఒకటిన్నర శ్రుతి మగ గొంతుకు మంద్ర పంచమం 104 దగ్గర పడుతుంది, 80కి పైన కోయకూడదు. రివర్బ్ (కలిపే ప్రతిధ్వని) ఒకటిన్నర సెకను దాటనివ్వలేదు. నిమిషానికి 80 అక్షరాల వేగంలో, అక్షరానికి నాలుగు స్వరాలు పడితే ఒక్కో స్వరానికి 190 మిల్లీసెకన్లకు మించి ఉండదు. రివర్బ్ పొడవైతే కల్పన స్వరాలు ముద్దైపోతాయి. మిగిలిన రొదకు రీపర్‌లోని రియాఫర్ అనే ప్లగిన్‌ను సబ్‌ట్రాక్ట్ పద్ధతిలో వాడాం, గాత్రం ట్రాకు మీదే. తంబూరా మీద వేస్తే జీవ మొత్తం రొదగా లెక్కలోకి పోతుంది. చివరి ఫైలు మైనస్ 14 లఫ్స్ (ఎంత గట్టిగా వినిపిస్తుందో చెప్పే కొలత), శిఖరం మైనస్ 1 డెసిబెల్. రెండర్ అయ్యాక, అంటే ఫైలు తయారయ్యాక, రీపరే ఆ అంకెలు చూపిస్తుంది.

ఇవే పనిముట్లు నేర్చుకోవడానికీ పనికొస్తాయి. కష్టమైన సంగతిని లూపు చేసి, శ్రుతి మారకుండా వేగం 0.7కు తగ్గించి వినొచ్చు. సోనిక్ విజువలైజర్ అనే ఉచిత సాఫ్ట్‌వేరులో పీయిన్ ప్లగిన్ వేస్తే గొంతు దారి గీతలా కనిపిస్తుంది. గురువుగారి తోడి గాంధారం గీత, పక్కనే శిష్యురాలి గీత. ఊపు ఎక్కడ మొదలైంది, ఎంత పైకి వెళ్లింది తెలిసిపోతుంది. తంబూరా హెడ్‌ఫోన్‌లో మాత్రమే మోగాలి. మైకులో కలిస్తే ప్లగిన్ తడబడుతుంది. స్వరం రాసుకోవడానికి మ్యూజ్‌స్కోర్ ప్రయత్నించి వదిలేశాను. ఆది తాళానికి 32 గళ్ల లిబ్రె ఆఫీస్ కాల్క్ పట్టిక, దీర్ఘానికి కామా, సెమికోలన్, అంతకంటే హాయైనది దొరకలేదు. యూనికోడ్‌లోనే రాయండి. అను ఫాంట్లలో రాసినది ఆ ఫాంటు లేని ఫోనులో పిచ్చిగీతలవుతుంది.

ప్రాజెక్టు పెన్‌డ్రైవ్‌కు ఎక్కించేటప్పుడు ఆర్‌పీపీ ఫైలు (రీపర్ ప్రాజెక్టు ఫైలు) ఒక్కటే కాపీ చేస్తే తెరిచినప్పుడు ఆడియో ఉండదు. సేవ్ యాజ్‌లో మీడియా అంతా ప్రాజెక్ట్ ఫోల్డరులోకి కాపీ చేయమనే టిక్కు పెట్టి, ఫోల్డరు మొత్తం తీసుకెళ్లాలి. గాత్రం మ్యూట్ చేసి విడిగా ఒక రెండర్ తీసుకుంటే సాధనకు తంబూరా, మృదంగం, వయొలిన్‌తో మైనస్ ట్రాకు సిద్ధం. ఐదు శ్రుతిలో పాడేవాళ్లు అడిగితే అంతా ఒక మెట్టు దించి ఇవ్వొచ్చు. ఒకటి శ్రుతికి అడిగితే మృదంగం డబ్బా మోత అవుతుంది, ఆ శ్రుతిలో మళ్లీ వాయించి రికార్డు చేయాల్సిందే.